ఇంటి రూపం – ఇంటివారి స్వభావం

మానవుని మౌలికావసరాలలో కూడు, గుడ్డల తరువాత చెప్పదగినది గూడు. ఎండ నుండి, వాన నుండి, చలి నుండి శరీరానికి రక్షణ కల్పించడమే గూటి ప్రథమ ప్రయోజనం. పక్షి గూడు కూడ ఈ ప్రయోజనాన్ని చక్కగా నెరవేరుస్తుంది. అయితే ఒక జాతి పక్షులన్నీ తరతరాలుగా ఒకే విధమైన గూడు కట్టుకొంటాయి. మనిషి మాత్రం పక్కపక్కనే ఉన్న రెండు స్థలాలలో రెండు తీరుల ఇండ్లు కట్టుకొంటాడు. ఈ భేదానికి కారణం ధనం ఒక్కటే కాదు. వృత్తి, అలవాట్లు, అభిరుచులు, ఒకరిపట్ల ఒకరికి గల ఆదరభావం మొదలైనవన్నీ కలిసి ఇంటి రూపాన్ని నిర్ణయిస్తాయి. అందువల్ల ఇల్లు ఇటుకలతో, సున్నంతో చెప్పిన కుటుంబ చరిత్ర అనడం అతిశయోక్తి కాదు.

ఇంటికీ కుటుంబానికీ గల ఈ సంబంధాన్ని తెలుగు భాష చాలాకాలం క్రితమే గుర్తించింది. వంశనామాన్ని తెలుగువారు ఇంటిపేరు అంటారు. పెండ్లి చేసుకొన్న యువకుడు ‘ఒక ఇంటివాడయ్యాడు’ అని చెప్పుకొంటారు. గృహిణి ఇల్లాలు. పిన్నలు, పెద్దలు అందరూ కలిస్తే ఇంటిల్లిపాది. గోడలూ కప్పూ ఉన్న కట్టడాన్నీ, అందులో జీవించే మనుషులనూ ఒకే మాట కలిపి చెబుతున్నది. ‘ఇల్లు చూసి ఇల్లాలిని చూడు’ అన్న సామెతలో కూడ ఈ భావమే ఉంది. కాని ఆ సామెత ఇంటి మంచి చెడ్డల బాధ్యతనంతా ఇల్లాలిపైనే మోపింది. నిజానికి ఇల్లు ఒక్క ఇల్లాలిని గురించే కాదు, అందులో ఉన్నవారందరినీ గురించి చెబుతుంది. ముఖ్యంగా ఆ ఇంట్లో ఎవరికి ఎంత చోటు దొరికిందో దాచకుండ చెబుతుంది.

తెలుగునాట సంప్రదాయ గృహాలు ప్రాంతాన్ని బట్టి, వృత్తిని బట్టి భిన్నరూపాలు పొందాయి. ఉత్తర కోస్తా తీరంలోని పల్లెలలో చుట్టిండ్లు ఉండేవి. మందమైన మట్టిగోడలు, వాటిపై నేలకు దగ్గరగా వంగిన తాటాకు కప్పు ఆ ఇండ్ల ప్రత్యేకత. గుండ్రని ఆకారం వల్ల తుపాను గాలి ఎటు నుండి వీచినా గోడను సూటిగా తాకక పక్కలకు జారిపోతుంది. వాన తక్కువగా కురిసే రాయలసీమలో రాతిగోడలపై దూలాలు, వాసాలు పరచి, మట్టితో చదునుగా కప్పిన మిద్దె ఇండ్లు వెలిశాయి. ఆ మిద్దె పగటివేళ ధాన్యం, మిరపకాయలు ఆరబెట్టుకొనే కళ్లంగాను, వేసవి రాత్రులలో ఇంటిల్లిపాదికి పడకగాను ఉపయోగపడుతుంది. తెలంగాణ పల్లెలలో నడుమ ఆకాశం కనిపించే భవంతి ఇండ్లు, వాటికి పెద్ద దర్వాజలు, లోపల అర్రలు ఉండేవి. చేనేత కార్మికుని ఇంట్లో మగ్గం గుంటకే మొదటి స్థానం. వెలుతురు బాగా వచ్చే చోటు మగ్గానికి ఇచ్చి, మిగిలిన చోటులో కుటుంబం సర్దుకొనేది. ఈ విధంగా ప్రతి ఇల్లూ ‘ఇక్కడ నివసించేవారు ఎవరు? వారి జీవనాధారం ఏమిటి?’ అనే ప్రశ్నలకు సమాధానంగా నిలిచింది.

గోదావరి, కృష్ణా డెల్టా ప్రాంతాలలో కనిపించే మండువా లోగిలి ఈ గృహాలన్నింటిలో ప్రసిద్ధమైనది. నాలుగు వైపుల నుండి వాలిన పెంకుటి కప్పులు ఇంటి నడుమ ఉన్న ఖాళీ జాగాలోకి వంగి ఉంటాయి. ఆ ఖాళీ జాగాయే మండువా. వాననీరు అందులోకి దుమికి, తూము ద్వారా వెలుపలికి పోతుంది. వేడిగాలి పైకి పోయి, చల్లనిగాలి గదులలోకి ప్రసరించడానికి కూడ మండువా తోడ్పడుతుంది. దాని చుట్టూ ఉన్న వసారాలలో పిల్లల ఆటలు, పెద్దల కబుర్లు, అప్పడాలు ఒత్తడం, బియ్యం ఏరడం, పెండ్లిండ్లు, పేరంటాలు సాగుతుండేవి. ఏ గదిలో నుండి వెలుపలికి వచ్చినా మండువాలోకే రావాలి. కాబట్టి ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూడకుండ రోజు గడిచేది కాదు. వీధివైపున ఉన్న అరుగు బాటసారికి కూడ కూర్చోవడానికి చోటు ఇచ్చేది. ఉమ్మడి కుటుంబ జీవితం, అతిథిపట్ల ఆదరం ఆ కట్టడంలో సహజంగా ఇమిడిపోయాయి.

అయితే పాత ఇల్లు సర్వగుణ సంపన్నమని భావించడం సరికాదు. వీధి అరుగు పురుషులది. వంటగది సాధారణంగా ఇంటి వెనుక భాగంలో, పొగచూరిన గోడలతో, చిన్న కిటికీతో ఉండేది. ఇంటిల్లిపాదికి అన్నం పెట్టే స్త్రీ రోజులో ఎక్కువ భాగాన్ని ఆ చీకటిలో, ఆ పొగలో గడిపేది. నూతన వధువుకు, చదువుకొనే బాలికకు తమదంటూ ఒక మూల కూడ దొరకడం కష్టంగా ఉండేది. వీధిలోనివాడు ఎవరో తెలియకపోయినా కూర్చోవడానికి అరుగు కట్టించిన ఇల్లు, ఇంట్లోనే పుట్టిన ఆడపిల్లకు కిటికీ పక్కన ఒక పీట వేయడం మరచిపోయింది. ఇంటి నిర్మాణం కుటుంబ స్వభావాన్ని ప్రతిబింబిస్తుందన్న మాట సత్యమైతే, అందులోని సుగుణాలతో పాటు లోపాలనూ ప్రతిబింబిస్తుందన్న మాట కూడ సత్యమే.

కాలక్రమేణా ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి. అన్నదమ్ముల పంపకాలలో కొన్ని మండువాల నడుమ గోడలు లేచాయి. వెలుతురునూ గాలినీ అందరికీ సమంగా పంచిన చోటు రెండు ఇరుకు సందులుగా మారింది. మరికొన్నింటిని కూల్చి, వాటి దూలాలను, చెక్కడపు పనితనం గల తలుపులను పాత కలప దుకాణాలకు అమ్మివేశారు. ఉద్యోగాల కోసం ప్రజలు పట్టణాలకు తరలివచ్చారు. స్థలాల ధరలు పెరిగి, బహుళ అంతస్తుల భవనాలు వెలిశాయి. ఒకే నమూనాలో నూరు కుటుంబాలకు నూరు ఇండ్లు సిద్ధమయ్యాయి. ఉద్యోగస్తులైన భార్యాభర్తలకు, వృద్ధులైన తల్లిదండ్రులతో కలిసి ఉన్నవారికి, సంగీతం నేర్పి జీవించేవారికి అందరికీ ఒకటే కొలతల ఇల్లు. ఇంటిని తనకు తగినట్లుగా మలచుకొన్న మనిషి, ఇప్పుడు ఇంటికి తగినట్లుగా తాను మలగవలసి వస్తున్నది. ఇంటిని అందంగా తీర్చుకోవాలన్న కోరిక నేడు ఇంతగా పెరగడానికి ఈ ఏకరూపతపై కలిగిన అసంతృప్తి కూడ ఒక కారణం.

ఇల్లు యజమాని మనస్సును ఎంత సన్నిహితంగా అనుసరించగలదో విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ జీవితం తెలుపుతుంది. శాంతినికేతనంలోని ఉత్తరాయణ ప్రాంగణంలో ఆయన నివాసానికై ఉదయన, కోణార్క, శ్యామలి, పునశ్చ, ఉదీచి అనే ఐదు ఇండ్లు నిర్మించారు. ఒక ఇంట్లో ఎక్కువకాలం ఉంటే కవికి మార్పు కావాలనిపించేది. 1935లో పూర్తయిన శ్యామలికి గోడలనే కాక పైకప్పును కూడ మట్టితోనే నిర్మించారు. సురేంద్రనాథ్ కర్ దానికి రూపకల్పన చేయగా, నందలాల్ బోస్, కళాభవన విద్యార్థులు గోడలపై మట్టిబొమ్మలను తీర్చారు. విశ్వవిఖ్యాతి పొందిన కవి తన చివరి సంవత్సరాలలో మట్టి ఇంటిని కోరుకోవడం ఆయన స్వభావాన్ని వ్యక్తం చేస్తుంది. పేదవాని గుడిసెకు వాడే మట్టిలోనే సౌందర్యమూ ఉందని ఆ ఇల్లు నిరూపించింది.

కవి తన కోసం చేసుకొన్న ప్రయోగాన్ని సామాన్య కుటుంబాలకు అందుబాటులోకి తెచ్చిన వాస్తుశిల్పి లారీ బేకర్. ఆయన 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో జన్మించారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో చైనాలో వైద్య సేవాదళంలో పనిచేసి, స్వదేశానికి తిరిగి వెళ్తూ ఓడ కోసం బొంబాయిలో నిరీక్షిస్తున్న సమయంలో ఆయన గాంధీజీని కలుసుకొన్నారు. ఆదర్శవంతమైన ఇల్లు ఐదు మైళ్ల పరిధిలో దొరికే సామగ్రితోనే నిర్మితం కావాలన్న గాంధీజీ అభిప్రాయం బేకర్ మనస్సులో నాటుకొంది. యుద్ధానంతరం ఆయన భారతదేశానికి వచ్చి, కుష్ఠురోగుల చికిత్సాలయాల నిర్మాణంలో పాల్గొన్నారు. వైద్యురాలైన ఎలిజబెత్‌ను వివాహమాడి, చాలాకాలం హిమాలయ ప్రాంతంలోని పిథోరాగఢ్‌లోను, ఆ తరువాత కేరళలోను నివసించారు. పద్మశ్రీ పురస్కారం పొందిన ఆ మహనీయుడు 2007లో తిరువనంతపురంలో కన్నుమూశారు.

బేకర్ దృష్టిలో ఇంటి నిర్మాణం కాగితంపై గీతతో గాక, కుటుంబంతో సంభాషణతో ప్రారంభమవుతుంది. కుటుంబ సభ్యులు ఎందరు, వారి అలవాట్లు ఏమిటి, చేతిలో ఉన్న ధనమెంత, స్థలంలో చెట్లు ఎక్కడున్నాయి మొదలైన విషయాలు తెలుసుకొన్న తరువాతనే ఆయన పని ప్రారంభించేవారు. అడ్డు వచ్చిన చెట్టును కొట్టడానికి బదులు గోడనే వంచేవారు. ఇటుకలను నిలువుగా పేర్చి, నడుమ ఖాళీ వదిలే పద్ధతిలో గోడలు కట్టించి, సుమారు 25 శాతం ఇటుకలు ఆదా చేశారు. ఆ ఖాళీలోని గాలి ఎండ వేడిని లోపలికి రానీయదు. పైకప్పులో కాంక్రీటు బలం అవసరంలేని అడుగు భాగాన పాత పెంకులను అమర్చి, సిమెంటును, ఇనుమును పొదుపు చేశారు. కిటికీలకు బదులుగా ఇటుకల మధ్య సందులు వదిలి అల్లిన జాలీ గోడలు గాలినీ వెలుతురునూ లోపలికి రప్పిస్తూ, ఇంటి మరుగును కాపాడాయి. కూల్చిన కట్టడాల తలుపులు, కిటికీలు ఆయన చేతిలో తిరిగి ప్రాణం పోసుకొన్నాయి. పారవేసిన రంగు సీసాలు కూడ గోడలలో చేరి, సూర్యకాంతిని రంగులుగా వెదజల్లాయి. ఆయన నిర్మించిన ఇండ్లలో ఒకదాని పోలిక మరొకదానికి లేకపోవడానికి కారణం, ఏ రెండు కుటుంబాలూ ఒకటి కాకపోవడమే. ఇంటికి వ్యక్తిత్వం ధనం వల్ల కాక శ్రద్ధ వల్ల కలుగుతుందని బేకర్ జీవితం చెబుతున్నది.

కొత్త ఇల్లు కట్టుకొనేవారికే కాక, ఉన్న ఇంటిని బాగుచేసుకొనేవారికి కూడ ఈ సూత్రం వర్తిస్తుంది. ‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఈ రెండు పనులలోనూ ఖర్చు అంచనాలు దాటిపోతుంది. నలుగురి సలహాలూ చెవిలో పోరుతుంటాయి. అటువంటి సమయంలో కుటుంబం ముందుగా తన దినచర్యను తాను పరిశీలించుకోవడం అవసరం. తెల్లవారుజామున మొదట లేచేవారు ఎవరు? అందరూ కలిసి కూర్చొనేది ఎక్కడ? వచ్చిన అతిథులు ఎక్కువసేపు గడిపేది ముందుగదిలోనా, వంటగది గుమ్మం దగ్గరా? ఇంట్లో తనకంటూ చోటు లేనివారు ఎవరు? ఈ ప్రశ్నలలో చివరిది అన్నింటికంటె ముఖ్యమైనది. చాలా ఇండ్లలో నెలకు ఒకసారి వచ్చే అతిథుల కోసం విశాలమైన హాలు అలంకరించి ఉంటుంది. ప్రతిదినం నాలుగు గంటలు నిలబడి వండే మనిషికి మాత్రం గాలి ఆడని ఇరుకు గది మిగులుతుంది.

ఉదాహరణకు యాభై సంవత్సరాల క్రితం కట్టిన ఒక పెంకుటిల్లును ఊహించవచ్చు. అందులో మోకాళ్ల నొప్పులతో బాధపడే నాయనమ్మ, ఉపాధ్యాయుడైన కొడుకు, ఇంట్లోనే కుట్టుపని చేసే కోడలు, కళాశాలలో చదివే మనుమరాలు, పాఠశాలలో చదివే మనుమడు ఉన్నారనుకొందాం. ఇల్లు కూల్చి మేడ కట్టాలని కొడుకు ఆలోచన. ఆ గుమ్మంలోనే తాను కొత్త కోడలిగా అడుగుపెట్టానని నాయనమ్మ బెంగ. ఈ ఇద్దరిలో ఎవరి మాటనూ తోసిపుచ్చనక్కరలేదు. గోడలు దృఢంగా ఉండి, దూలాలకు చెదలు పట్టకపోతే పాత ఇంటిని నిలుపుకొంటూనే సౌకర్యాలు కల్పించుకోవచ్చు. నాయనమ్మ మంచానికి దగ్గరలో స్నానాలగది, అందులో కాలుజారని గరుకు బండలు, గోడకు పట్టుకొనే కడ్డీ అమర్చాలి. నడవలో ఎత్తు పల్లాలు తొలగించాలి. తూర్పు కిటికీ వద్ద కోడలి కుట్టుమిషను ఉంచితే కళ్లకు శ్రమ తగ్గుతుంది. వంటగది గోడలో పెద్ద కిటికీ తెరచి, పొగ పోయే మార్గం ఏర్పరచాలి. నిరుపయోగంగా ఉన్న ధాన్యపు కొట్టును శుభ్రపరచి, వెలుతురు వచ్చే ఏర్పాటు చేస్తే మనుమరాలికి చదువుల గది సిద్ధమవుతుంది. పాత సింహద్వారం ఉన్నచోటనే ఉంటుంది. దానికి చమురు పట్టించి మెరుగుపెడితే చాలు. అప్పుడా ఇల్లు గడచిన తరాన్ని గౌరవిస్తూనే రానున్న తరానికి చోటిచ్చినదవుతుంది.

ఇటువంటి మార్పులలో ఉత్సాహంతో పాటు వివేకం కూడ ఉండాలి. ఇంటి గోడలన్నీ ఒకే విధమైనవి కావు. కొన్ని గదులను వేరుచేయడానికి మాత్రమే ఉంటాయి. కొన్ని కప్పు బరువును మోస్తాయి. హాలు విశాలంగా కనిపించాలని బరువు మోసే గోడను తొలగిస్తే ఇల్లు మొత్తానికే ముప్పు వాటిల్లుతుంది. బహుళ అంతస్తుల భవనంలో ఒకరు స్తంభానికి చేసిన గాయం పైన, కింద ఉన్నవారందరికీ ప్రమాదం. కావున ఇంజనీరు సలహా లేకుండ గోడ కూల్చరాదు. గోడలలో చెమ్మ ఉన్నప్పుడు దానికి మూలమైన నీటి కారుదలను అరికట్టకుండ, పైన ఖరీదైన రంగులు వేయడం కూడ వృథా ప్రయాస. పడమటి గోడ మధ్యాహ్నపు ఎండకు కాగుతుంది. అటువైపు మెట్లు, సామాను గది ఉంచడం, లేదా ఒక వేపచెట్టు పెంచడం మేలు. మిద్దెపై తెల్లని సున్నం పూస్తే ఎండ వేడిమి చాలావరకు తిరిగి పరావర్తనం చెందుతుంది. ఈ సులభమైన ఉపాయాన్ని ప్రోత్సహిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది.

సొంత ఇల్లు లేనివారు, ఇరుకైన అద్దె ఇంట్లో ఉన్నవారు గోడలను మార్చలేకపోవచ్చు. కాని ఆ గోడల మధ్య ఏమి ఉంచాలో నిర్ణయించుకోగలరు. ఇందుకు తెలుగునాట హస్తకళల సంపద అపారంగా ఉంది. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలు, అంకుడు కర్రపై లక్క రంగులు పూసిన ఏటికొప్పాక బొమ్మలు, కథలు చెప్పే చేర్యాల నకాషీ పటాలు, నిర్మల్ చిత్రాలు, కలంకారీ తెరలు, పోచంపల్లి దుప్పట్లు ఇంటికి స్థానిక శోభను చేకూరుస్తాయి. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట కళాకారులు తోలుబొమ్మలాటకు ఆదరణ తగ్గిన తరువాత అదే తోలుతో, అవే రంగులతో దీపాల గొట్టాలు చేసి జీవనం సాగిస్తున్నారు. అటువంటి దీపం ఒకటి ఇంట్లో వెలిగితే ఆ వెలుగులో ఒక కళ కూడ బ్రతుకుతుంది. అయితే అంగడిలో కొన్న వస్తువులన్నీ పేర్చినంత మాత్రాన ఇంటికి వ్యక్తిత్వం రాదు. తాతగారి చేతికర్ర, అమ్మ కుట్టిన తోరణం, పిల్లవాడు గీసిన బొమ్మ, అందరి చేతులు తాకి అంచులు నలిగిన పుస్తకాలు చెప్పినంతగా ఆ కుటుంబాన్ని గురించి ఖరీదైన విగ్రహం చెప్పలేదు. పిల్లల ఎత్తును ఏటేటా పెన్సిలుతో గుర్తించిన గుమ్మం ఏ చిత్రానికీ తీసిపోదు.

ఇంటి అందానికి ఖర్చు చేయగలగడం వేరు. ఇంట్లో అందరికీ చోటు ఇవ్వగలగడం వేరు. మొదటిది సంపదకు సంబంధించినది. రెండవది సంస్కారానికి సంబంధించినది. పూర్వపు మండువా నుండి కలిసి మెలిసి ఉండే గుణాన్ని గ్రహించవచ్చు; దాని చీకటి వంటగదిని విడిచిపెట్టవచ్చు. నేటి కాంక్రీటు ఇంటి నుండి పరిశుభ్రతను, సౌకర్యాన్ని గ్రహించవచ్చు. తలుపులు మూసుకొని ఎవరికి వారే బ్రతికే అలవాటును విడిచిపెట్టవచ్చు. వృద్ధులు జారిపడకుండ నడవగలిగిన ఇల్లు, వండేవారికి గాలి వీచే ఇల్లు, చదువుకొనే పిల్లకు దీపం ఉన్న ఇల్లు, అలసి వచ్చినవారికి కూర్చొనే చోటు చూపే ఇల్లు చిన్నదైనా ఉత్తమమైనదే. కుటుంబంలో అందరికంటె తక్కువగా మాట్లాడే మనిషికి ఆ ఇంట్లో దొరికిన చోటును చూస్తే చాలు, ఆ కుటుంబ స్వభావం ఎటువంటిదో తెలుస్తుంది.